“మీరు ఇంట్లో హిందూ మాట్లాడతారా?” అని అడిగితే

ప్రశ్న: మాది తెనాలి. ఏడాదిన్నరగా అమెరికాలోని మిన్నెసోటాలో ఎమ్మెస్ చదువుతున్నాను. నాతో ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ అమ్మాయి మొదటి వారంలోనే “మీరు ఇంట్లో హిందూ మాట్లాడతారా?” అని అడిగింది. ఇంకొకతను నేను ఇంగ్లీషు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాననుకున్నాడు. నా గదిలో ఉండే జర్మన్ అమ్మాయి తీరు వేరు. కులం గురించి, వరకట్నం గురించి, గంగానది కాలుష్యం గురించి లెక్కలతో సహా మాట్లాడుతుంది. నేను మరే సంగతి చెప్పినా “అది మీ వర్గం అనుభవం మాత్రమే” అంటుంది. మా ప్రొఫెసరు గారు అమెరికనే అయినా అనంతపురం భూగర్భ జలాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి బోర్ల గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య మాత్రం “తెల్లవాళ్లకు ప్రపంచం గురించి ఏమీ తెలియదు, పట్టించుకోకు” అంటాడు. నిజంగా అమెరికన్లకు ఏమీ తెలియదా? యూరప్ వాళ్లకు తెలుసా? ఆ మాటలు విన్నప్పుడు ముందు కోపం, తర్వాత ఏడుపు వస్తున్నాయి. ఏమని సమాధానం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, మిన్నెసోటా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ముగ్గురు మనుషులున్నారు. ఒకరికి మన గురించి ఏమీ తెలియదు, ఒకరికి కొంత తెలుసు, ఒకరికి మీకన్నా ఎక్కువ తెలుసు. మీ అన్నయ్య ఆ ముగ్గురినీ ఒకే మాటతో కొట్టిపారేశారు. ఆయన కోపం మీ మీద ప్రేమతో వచ్చిందే గనుక నేను తప్పు పట్టను. కానీ ఆ మాట పట్టుకుని మీరు అక్కడ ఇంకో ఏడాది గడపలేరు.

ముందుగా, అమెరికన్లకు తెలియదన్న మాటలో నిజం ఎంతో చూద్దాం. నిజం చాలానే ఉంది. 2002లో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల లోపు యువతీయువకులకు భూగోళం మీద పరీక్ష పెడితే స్వీడన్ మొదటి స్థానంలో, జర్మనీ, ఇటలీ ఆ తర్వాతి స్థానాల్లో నిలిచాయి. అమెరికా కింది నుంచి రెండోది. అదే సంస్థ 2006లో అమెరికన్ యువతను మళ్లీ పరీక్షించింది. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై మూడేళ్లయింది, రోజూ టీవీలో ఆ దేశం పేరు వినబడుతోంది, వాళ్ల ఈడు పిల్లలే అక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అయినా నూటికి 63 మంది పటం మీద ఇరాక్‌ను చూపలేకపోయారు. ఆసియా పటం మీద భారతదేశాన్ని గుర్తించలేని వాళ్లు దాదాపు సగం మంది. కాబట్టి మీ ల్యాబ్‌లోని అమ్మాయి మిమ్మల్ని ప్రత్యేకంగా చులకన చేసిందని అనుకోకండి. ఆమెకు ఇరాక్ అయినా, ఇండియా అయినా ఒకటే దూరం.

ఈ తెలియనితనం తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. ఒక మనిషి ఇంకొక దేశం గురించి సాధారణంగా అవసరం ఉన్నంతవరకే నేర్చుకుంటాడు. ఆ అమ్మాయి పుట్టిన దేశానికి రెండు వైపులా మహాసముద్రాలు, పైన ఒక దేశం, కింద ఒక దేశం. ఒకే భాషతో నాలుగున్నర వేల కిలోమీటర్లు ప్రయాణించవచ్చు, ఉద్యోగం, పెళ్లి, చదువు, విహారం అన్నీ ఆ దేశంలోనే ముగించుకోవచ్చు. మీరు మాత్రం తెనాలిలో ఉండగానే ఇంగ్లీషు నేర్చుకున్నారు, జీఆర్‌ఈ రాశారు, వీసా కోసం వాళ్ల నియమాలన్నీ చదివారు, వాళ్ల రాష్ట్రాల పేర్లు, వాతావరణం, బ్యాంకు ఖాతా తెరిచే పద్ధతి అన్నీ బయల్దేరకముందే తెలుసుకున్నారు. మీకు అవసరం ఉంది, ఆమెకు లేదు. మీకు బాధ కలిగిస్తున్నది కూడా ఆమెకు తెలియకపోవడం కన్నా, ఆమెకు తెలుసుకోవలసిన అవసరమే రాకపోవడమని నా అనుమానం. ఆ బాధ న్యాయమైనదే. దానిని దాచుకోనక్కర లేదు.

యూరప్ సంగతి వేరు. అక్కడ రైలెక్కి రెండు గంటలు కూర్చుంటే ఇంకో భాష వినబడే చోట్లు చాలా ఉన్నాయి. 2012 నాటి యూరోబారోమీటర్ సర్వే ప్రకారం యూరోపియన్ యూనియన్‌లో నూటికి 54 మంది తమ మాతృభాష కాక ఇంకొక భాషలో సంభాషించగలరు. కానీ పొరుగు దేశాలు తెలిసినంత మాత్రాన ప్రపంచం తెలిసినట్టు కాదు. ఈ మాట గట్టిగా చెప్పినవాడు ఒక యూరోపియనే. ఆయన పేరు హాన్స్ రోస్లింగ్, స్వీడన్ దేశపు వైద్యుడు, 2017లో మరణించారు. ఆయన స్థాపించిన సంస్థ 2017లో 14 దేశాల్లో సుమారు 12,000 మందిని కొన్ని తేలిక ప్రశ్నలు అడిగింది. అందులో ఒకటి: గత ఇరవై ఏళ్లలో ప్రపంచంలో కడు పేదల వాటా రెట్టింపయిందా, అలాగే ఉందా, సగానికి తగ్గిందా? సగానికి తగ్గిందన్నది సరైన జవాబు. నూటికి ఏడుగురే ఆ జవాబు చెప్పారు. అమెరికాలో నూటికి అయిదుగురు. కళ్లు మూసుకుని మూడింటిలో ఒకటి ఎంచుకున్నా 33 మంది సరిగా చెప్పాలి. అంటే వాళ్లు తెలియక తప్పు చెప్పలేదు, తెలుసని నమ్మి తప్పు చెప్పారు. మీ గదిలోని అమ్మాయి విషయంలో ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రోస్లింగ్‌కు ఈ సంగతి మన పక్క ఊళ్లోనే తెలిసివచ్చింది. 1972లో వైద్య విద్యార్థిగా ఆయన బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు వచ్చారు. మొదటి తరగతిలో మూత్రపిండం ఎక్స్‌రే చూపించి చర్చ మొదలైంది. అక్కడి విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు ఇచ్చిన జవాబులు విని, తాను పొరపాటున నిపుణుల తరగతిలోకి వచ్చానేమో అనుకున్నారట. తీరా అడిగితే వాళ్లు కూడా ఆయనలాగే నాలుగో సంవత్సరం విద్యార్థులు. తాను చదివిన దానికన్నా ఎంతో లావు పుస్తకాన్ని వాళ్లు ఎక్కువసార్లు చదివి ఉన్నారు. పడమటి దేశాలే ముందుంటాయన్న నమ్మకం ఆ రోజుతో సడలిపోయిందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆయనను ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక గదిలో కూర్చోబెట్టి ఎదుటివాళ్ల పని చూడనిచ్చారు, అంతే.

ఇప్పుడు మీ జర్మన్ స్నేహితురాలి సంగతి. ఆమె చెప్పేవి అబద్ధాలు కావని మీరు ముందే ఒప్పుకోవాలి. కులం ఉంది, కట్నం ఉంది. మన ఊళ్లలో కట్నం లెక్కలు ఎకరాల్లో, కాసుల్లో మాట్లాడుకోవడం మీరూ వినే ఉంటారు. పరాయి దేశంలో మన పరువు కాపాడాలన్న ఆరాటంతో “అవన్నీ ఎప్పుడో పోయాయి” అన్నారో, ఆ క్షణం నుంచి ఆమె మీ మాట నమ్మడం మానేస్తుంది, మానేయడం సబబు కూడా. “అది మీ వర్గం అనుభవం” అన్న మాట విని మీకు చురుక్కుమన్నా, ఒక రాత్రి నిదానంగా ఆలోచించి చూడండి. అందులో కొంత నిజం ఉండవచ్చు.

అయితే ఆమెకు తెలిసిన భారతదేశం చాలావరకు గాయాల జాబితా. జబ్బుల చీటీ చదివి మనిషిని చూశామనుకుంటే ఎలా? పైగా ఆ చీటీ మీద తేదీ ఉండదు. ఒక ఉదాహరణ చెబుతాను. యూరప్‌లో చాలామంది మనసులో భారతదేశం అంటే ఇప్పటికీ ఆగకుండా పెరిగే జనాభా. కానీ 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఒక స్త్రీకి సగటు సంతానం 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అదే కాలంలో ఫ్రాన్స్‌లో అది సుమారు 1.8. అంటే అప్పటికే మీ తెనాలి ఉన్న రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి ఫ్రాన్స్‌లో కన్నా తక్కువ మంది పిల్లలు పుడుతున్నారు. మీ అమ్మమ్మగారి తరం నుంచి మీ తరానికి మీ ఇంట్లోనే పిల్లల సంఖ్య ఎలా మారిందో ఆమెకు చెప్పండి. మీ అమ్మమ్మగారికి ఎంతమంది, మీ అమ్మగారికి ఎంతమంది, ఎందుకు తగ్గారు, ఆపరేషను ఎవరు చేయించుకున్నారు, ఎవరు ఒత్తిడి చేశారు అన్నది మంచీ చెడూ కలిపి చెప్పండి. అప్పుడు ఆమె దగ్గరున్న లెక్కలకు ఒక ఇల్లు దొరుకుతుంది. లెక్కకు లెక్క అప్పజెప్పి వాదంలో నెగ్గడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మీ ప్రొఫెసరు గారి గురించి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదనీ, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబానికి చెందినదనీ నిరూపించాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చువేయించాడు, తాళపత్రాలు కొని, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించి, 1852లో నిఘంటువు తెచ్చాడు. మన భాష గురించి మనవాళ్లలో చాలామందికన్నా వీళ్లకు ఎక్కువ తెలుసు. కానీ ఇంగ్లండులోని సామాన్యుడికి తెలుగు అన్న పేరైనా తెలుసా? కంపెనీకి శిస్తు వసూలుకూ, కోర్టులకూ భాష కావాలి గనుక కొందరు నేర్చుకున్నారు. బ్రౌన్ వంటివాళ్లు ఆ అవసరాన్ని దాటి ప్రేమతో చేశారు, మిగతా దేశానికి ఆ అవసరం రాలేదు. అమెరికాలోనూ జరిగింది ఇదే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించాక ఉలిక్కిపడి, మరుసటి ఏడాదే చట్టం చేసి విశ్వవిద్యాలయాల్లో విదేశీ భాషల కేంద్రాలకు డబ్బిచ్చారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం పెట్టి భారతీయ భాషల్లో అచ్చయ్యే పుస్తకాలను, తెలుగు పుస్తకాలతో సహా, కొని పంపింది. ఇక్కడ ఏ గ్రంథాలయంలోనూ దొరకని తెలుగు పుస్తకం షికాగోలోనో, మాడిసన్‌లోనో దొరకడం మన పరిశోధకులు ఎరిగిన సంగతే.

ఆ దేశాల్లో ప్రపంచ జ్ఞానం అనంతపురం బోరు లాంటిది. దిగినచోట వెయ్యి అడుగులు దిగుతుంది, పది గజాల అవతల నేల పొడిగానే ఉంటుంది. బోరు లోతు చూసి చెరువు నిండిందనుకోకూడదు, ఎండిన నేల చూసి ఆ ఊళ్లో నీళ్లే లేవనీ అనుకోకూడదు.

ఈ తెలియనితనానికి మూల్యం చెల్లించేది సాధారణంగా తెలియనివాడు కాదు. ఈ మాట రాస్తుంటే నా మనసు కలత పడుతోంది. 1947 జూలైకి ముందు ఎన్నడూ భారతదేశం చూడని సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే న్యాయవాదికి అయిదు వారాలిచ్చి పంజాబునూ, బెంగాలునూ కోయమన్నారు. ఆ గీత మీద ఎన్ని లక్షల మంది ఊళ్లు వదిలారో మీకు తెలుసు. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించినప్పుడు 2,066 మంది అమెరికన్లను ఉక్రెయిన్ ఎక్కడుందో పటం మీద చూపమంటే ఆరుగురిలో ఒకరే చూపగలిగారు. అసలు చోటుకు ఎంత దూరంగా వేలు పెట్టారో, అమెరికా సైన్యం జోక్యం చేసుకోవాలని అంత ఎక్కువగా కోరారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో పని ముగించుకుని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒకడు ఇరానీయులనుకుని కాల్చాడు. ఒకరు చనిపోయారు. ఇరానీయులైతే మాత్రం కాల్చవచ్చా అన్న ప్రశ్న కూడా మనం మరచిపోకూడదు. అక్కడే, ఆ ఇద్దరూ ఎవరో ఏ దేశమో తెలియని 24 ఏళ్ల అమెరికన్ యువకుడు హంతకుణ్ణి ఆపబోయి తూటా దెబ్బలు తిన్నాడు. పటం మీద హైదరాబాదు ఎక్కడుందో అతనికి తెలుసో లేదో మనకు తెలియదు. అందుకే, ఎవరికి ఎంత తెలుసు అన్న కొలబద్దతో మనుషులను కొలవవద్దని మీకు చెబుతున్నాను. చెప్పాక వింటారా, విన్నాక మారతారా అన్నది చూడండి.

మా అమ్మాయి దగ్గర ఉండటానికి ఒహాయో వెళ్లినప్పుడు ఊళ్లోని గ్రంథాలయానికి రోజూ నడిచి వెళ్లేవాణ్ణి. అక్కడ పనిచేసే డెబ్బై ఏళ్లావిడ ఒకరోజు మాది ఏ దేశమని అడిగి, గోడ మీది పటం దగ్గరకు తీసుకెళ్లారు. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంది, మన దేశం దాని పక్కన చిన్నపిల్లలా ఉంది. గుండ్రని భూమిని చదునుగా పరిచేటప్పుడు ధ్రువాల వైపు నేలను సాగదీసే మెర్కేటర్ పద్ధతి అది, 1569లో ఓడల నావికుల కోసం పుట్టినది. నిజానికి భారతదేశం సుమారు 32.9 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 21.7 లక్షలు. ఆ మాట చెబితే ఆవిడ నమ్మలేదు. గ్లోబు తెచ్చి, పల్చని కాగితం పరిచి, పెన్సిలుతో మన దేశం అంచు గీసి, కత్తిరించి గ్రీన్‌లాండ్ మీద పెట్టి చూసుకున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఇన్నేళ్లుగా ఈ పటం కిందే కూర్చున్నాను” అన్నారు. తర్వాత మా ఊరి నది పేరు అడిగారు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లని చెబితే, “మా ఒహాయో నదికి కాస్త తక్కువ” అన్నారు. ఒహాయో 1,579 కిలోమీటర్లు. అది ఎక్కడ పుడుతుందని ఆవిడ అడిగినప్పుడు నాకు తెలియలేదు. మా అమ్మాయి ఇంటికి పది మైళ్ల దూరంలో పారుతున్న నది అది. పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి ఒహాయో అవుతాయని ఆవిడే వేలు పెట్టి చూపించారు. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మీ అన్నయ్యగారికి ఒక మాట చెప్పండి. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, పది పేర్లు రాయమనండి. హైదరాబాదులో చదువుకునే నైజీరియా పిల్లలను మనం ఏ మాటతో పిలుస్తామో, మణిపూర్, మిజోరం నుంచి వచ్చిన పిల్లలను ఏ దేశం వాళ్లని అడుగుతామో గుర్తు చేసుకోమనండి. ఉత్తరాదిలో మనల్ని మద్రాసీలంటే మనకు ఎంత కోపం వచ్చేదో పెద్దవాళ్లకు తెలుసు. దీనివల్ల అమెరికన్ల తప్పు ఒప్పయిపోదు. రోగం ఎవరిదైనా మందు ఒకటేనని తెలుస్తుంది.

ఇక ఏమి చెప్పాలన్న మీ ప్రశ్న. “హిందూ మాట్లాడతారా” అన్న అమ్మాయికి, హిందూ అన్నది మతం, హిందీ ఒక భాష, నాది తెలుగు అని మామూలు గొంతుతో చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 8.11 కోట్లు, దాదాపు జర్మనీ జనాభా అంత. మీ గదిలోని అమ్మాయికి కూడా ఈ పోలిక పనికొస్తుంది. చెప్పి ఊరుకోకండి, ఆ అమ్మాయి ఊరు గురించి ఒక ప్రశ్న అడగండి. మీరున్న మిన్నెసోటాలో సోమాలియా నుంచి వచ్చిన కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. లావోస్ కొండల్లో అమెరికా తరఫున పోరాడి, 1975 తర్వాత అక్కడ ఉండలేక వచ్చేసిన హ్మాంగ్ ప్రజలున్నారు. ఆ అమ్మాయి బడిలో హ్మాంగ్ పిల్లల పక్కన కూర్చుని చదువుకుని ఉండవచ్చు, వాళ్ల ఇంట్లో అన్నం తిని ఉండవచ్చు. పటం మీద లావోస్‌ను చూపలేకపోయినా ఆ ఇంటి సంగతులు ఆమెకు తెలిసి ఉండవచ్చు. మీకు హ్మాంగ్ వాళ్లెవరో తెలుసా? తెలియకపోతే ఆమెనే అడగండి. ఇద్దరూ ఇచ్చిపుచ్చుకునే మాట అయినప్పుడు మీకు పరీక్ష రాస్తున్నట్టు ఉండదు.

ప్రతిసారీ జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా మీది కాదు. మీరు అక్కడికి చదువుకోవడానికి వెళ్లారు, దేశానికి రాయబారిగా వెళ్లలేదు. అలసిపోయిన రోజున “ఇంకోసారి మాట్లాడుకుందాం” అని లేచి వెళ్లిపోవచ్చు. తెలియక అడిగినవాళ్లకు ఓపికగా చెప్పండి. చెప్పాక కూడా అదే మాట కావాలని అనేవాళ్లతో స్నేహం తగ్గించుకోండి. ఏడుపు వచ్చిన రాత్రి ఇంటికి ఫోను చేయండి, కానీ అన్నయ్యకు కాక అమ్మకు చేయండి.

చివరగా మీ ప్రొఫెసరు గారు. ఆయనకు అనంతపురం బోర్ల గురించి మీకన్నా ఎక్కువ తెలుసని మీరు సిగ్గుపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది. కృష్ణా కాలువ కింద పెరిగిన మీకు, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల గురించి తెలియకపోవడం సహజమే. కానీ ఆయన నీటిని లీటర్లలో కొలుస్తారు. అక్కడి రైతు “రెండించుల నీళ్లు పడ్డాయి” అంటాడు, “మూడు బోర్లేస్తే ఒక్కటీ పడలేదు” అంటాడు, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసినవాడి మాట మీద అప్పు చేశానంటాడు. ఆ మాటల్లో నీళ్లతోపాటు అప్పు, ఆశ, పరువు కూడా ఉన్నాయి. వాటిని తెలుగులో విని ఆయనకు విప్పి చెప్పగలిగిన మనిషి ఆయన ల్యాబ్‌లోనే ఉంది. వచ్చే వేసవిలో ఆయన అనంతపురం వెళుతున్నారేమో, వెంట రానిస్తారేమో అడిగి చూడండి.